దాటేసిన ఏడో వాక్యం

“మావయ్యా, అమ్మ ఏలిముద్రేసిన కాయితం నీకాడే ఉన్నాది కదా? ఓపాలి ఇయ్యి.”

సింహాచలం పదో తరగతి సోషల్ పేపర్లు దిద్దుతున్నాడు. ఎర్ర పెన్ను ఎవరో పిల్ల రాసిన పారిశ్రామిక విప్లవం మధ్యలో ఆగిపోయింది.

“ఏ కాయితం?”

“అదే, తెల్లోళ్ళు రక్తాలు తీసుకున్నప్పటిది. తెలుగులో అచ్చేసి తలోటి ఇచ్చేరు కదా. మంగళారం టెక్కలిలో స్టేజీ మీద పైకెత్తి సూపిత్తాను. మందిత్తామని సెప్పి, ఏలిముద్రలేయించుకుని, మా అమ్మ రక్తం పట్టుకుపోయేరని సెప్తాను. అదొక్కటి సాలు, అవతలోళ్ళు నోరెత్తలేరు.”

“వెతకాలమ్మా,” అన్నాడు సింహాచలం. “మొన్న వానకి బీరువాలోకి నీళ్ళొచ్చేయి. పోయిందేమో.”

కాగితం పోలేదు. అతని డిగ్రీ పట్టా ఉన్న ఫైల్లోనే ఉంది. ఏడు నెలలుగా అతను ఆ ఫైలు తెరవలేదు.

ప్రవల్లిక అతని అక్క నూకరత్నం కూతురు. పలాసలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. ఉద్దానంలో ఎన్నో ఇళ్ళను ఖాళీ చేసిన కిడ్నీ జబ్బు ఆ పిల్ల తండ్రిని నాలుగేళ్ళ కిందటే తీసుకుపోయింది. తల్లిని మొన్న వేసవిలో తీసుకుపోయింది. తల్లి దినం అయిన మర్నాడు పుస్తకాల సంచీ భుజాన వేసుకుని మేనమామ ఇంటికి వచ్చేసింది. సింహాచలం పెళ్ళి చేసుకోలేదు. ఆ ఇంట్లో ఇప్పుడు ఇద్దరే.

అతన్ని చదివించింది ఆ అక్కే. తండ్రి పోయాక పదమూడో ఏట నుంచి పలాసలో జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్ళింది. పిక్క పెంకులోంచి కారే జీడి చర్మాన్ని తినేస్తుంది. ఆమెకు ముప్పై ఏళ్ళు వచ్చేసరికి వేళ్ళ చివర్లు నల్లగా, నున్నగా అయిపోయాయి. ఆ చేతులతోనే తమ్ముడికి బి.ఎడ్. కాలేజీకి డబ్బు పంపింది.

రెండేళ్ళ కిందట ఒక విదేశీ విశ్వవిద్యాలయం వాళ్ళు ఊరికి వచ్చారు. ఇద్దరు తెల్లవాళ్ళు, విశాఖపట్నం నుంచి ఒక డాక్టరమ్మ, నాలుగు ఐసు పెట్టెలు. ఈ జబ్బు ఎందుకు వస్తోందో ఇంతవరకూ ఎవరికీ తెలియదు. నీళ్ళ వల్లనా, మట్టి వల్లనా, ఎండలో పని వల్లనా, లేక పుట్టుకతోనే రక్తంలో ఉందా అన్నది తేల్చడానికి వచ్చామన్నారు. హైస్కూలు వరండాలో బల్లలు వేశారు. వాళ్ళ ఇంగ్లీషును ఊరికీ, ఊరి మాటను వాళ్ళకూ చెప్పే పని సింహాచలానిది.

అతనికి ఆ రోజు ఎంత సంతోషంగా ఉందో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఇరవై ఏళ్ళుగా ప్రతి తొమ్మిదో తరగతికీ ఒకే మాట చెబుతూ వచ్చాడు. యూరప్ మనల్ని దోచుకుంది, నిజమే. కానీ సందేహించడం, కొలవడం, తప్పయితే తప్పని రాసుకోవడం కూడా ఆ యూరప్ దగ్గరే నేర్చుకున్నాం. ఆ యూరప్ అతని బడి వరండాలో చెక్క కుర్చీ మీద కూర్చుని, చెమటలు కక్కుతూ, వరసలో ముందున్న నూకాలమ్మ పేరు సరిగ్గా పలకడానికి అవస్థ పడుతోంది.

అంగీకార పత్రంలో పన్నెండు వాక్యాలు. ఆ ఊళ్ళో కాగితం ఎవరూ చదవరు, చదువు వచ్చినవాళ్ళు కూడా. బ్యాంకు కాగితమైనా, భూమి కాగితమైనా “మాస్టారు సూసేరా?” అని అడుగుతారు. చూశారంటే వేలు వేస్తారు. అంతకంటే పెద్ద చదువు వాళ్ళకు అక్కర్లేదు. కాబట్టి సింహాచలం మెట్టు మీద నిలబడి పైకి చదివాడు. ఏడో వాక్యం దగ్గర గొంతు ఆగింది. ‘ఈ పరిశోధన వల్ల మీకు వ్యక్తిగతంగా ఎటువంటి వైద్య ప్రయోజనం ఉండదు, మీ వైద్యుడు సూచించిన చికిత్సను దీనికోసం ఆపవద్దు.’

ఎదురుగా అరవై మంది ఉన్నారు. మధ్యాహ్నం కావస్తోంది. అప్పటికే వెనక ఇద్దరు తువ్వాళ్ళు దులుపుకుని లేచారు. ఈ ముక్క చదివితే మిగతావాళ్ళూ లేస్తారు. ఇంత దూరం వచ్చిన శాస్త్రం ఉత్త చేతులతో పోతుంది, అదీ తన బడి నుంచి. తెలుగు వచ్చిన డాక్టరమ్మ లోపల గదిలో సీసాలు సర్దుతోంది. సింహాచలం ఎనిమిదో వాక్యంలోకి వెళ్ళిపోయాడు. అంతా చదివాక తన మాట ఒకటి చేర్చాడు.

“ఈళ్ళు మందు కనిపెడతారు. మందొత్తాది.”

లేచినవాళ్ళు కూర్చున్నారు. నూకరత్నం చేత మూడుసార్లు వేలిముద్ర వేయించారు. మూడుసార్లూ ఒక్క గీత లేని నల్లమచ్చే పడింది. డాక్టరమ్మ మొహం చూసి ఆమె నవ్వింది. “నా గీతలు పలాసోళ్ళు ఎప్పుడో పట్టుకుపోయేరమ్మా,” అంది.

ఏడాది తిరిగాక పలాస డాక్టరు డయాలసిస్ మొదలుపెట్టాలన్నాడు. నూకరత్నం ఒప్పుకోలేదు. ఆ మిషను ఎక్కినవాళ్ళు ఎవరూ దిగలేదంది. “తెల్లోళ్ళ మందొత్తాదని మా తమ్ముడు సెప్పేడు. అంతదాకా ఆగుతాను,” అంది. ఐదు నెలలు ఆగింది. ఆ ఐదు నెలలూ సింహాచలం ప్రతి ఆదివారం అక్క ఇంటికి వెళ్ళాడు. బతిమాలాడు, కోప్పడ్డాడు, ఒకసారి కాళ్ళు కూడా పట్టుకున్నాడు. ఏడో వాక్యం సంగతి మాత్రం చెప్పలేదు. చెబితే అక్క దృష్టిలో తను ఏమవుతాడో అన్న భయం. ఒళ్ళంతా నీరు పట్టి, ఊపిరి అందక ఆసుపత్రికి తీసుకెళ్ళేనాటికి డాక్టరు చేతిలో ఏమీ మిగల్లేదు.

ఇప్పుడు ఆ అక్క కూతురు టెక్కలి గ్రంథాలయ సంఘం పెట్టిన పోటీకి వెళుతోంది. ‘పాశ్చాత్య నాగరికత ప్రపంచానికి చేసింది మేలా, కీడా?’ ప్రవల్లిక కీడు వైపు. తర్ఫీదు ఇస్తున్నది మేనమామే.

నాలుగు సాయంత్రాలు వరండాలో కూర్చుని అతను చెప్పాడు, ఆమె రాసుకుంది. నౌపడ ఉప్పు గురించి చెప్పాడు: ఎదురుగా సముద్రం పెట్టుకుని, దోసెడు ఉప్పు వండుకుంటే నేరమైన రోజులు. బారువ రేవులో రంగూన్ ఓడ ఎక్కి తిరిగి రాని కూలీల గురించి చెప్పాడు. ఈ ప్రాంతం గంజాం జిల్లాలో ఉన్నప్పటి కరువు గురించి, ధాన్యం వ్యాపారానికి అడ్డు రాకూడదని చేతులు కట్టుకు కూర్చున్న సర్కారు గురించి చెప్పాడు. చెబుతుంటే తన గొంతు తనకే కొత్తగా ఉంది. ఇరవై ఏళ్ళ పాఠంలో ఇవి ఎప్పుడూ చివరి ఐదు నిమిషాల్లో వచ్చేవి.

“మావయ్యా, జీడిసెట్టు కూడా ఆళ్ళు తెచ్చిందే కదా, పోర్చుగీసోళ్ళు? అవతలోళ్ళు అదడిగితే?”

“అడుగుతారు. మీ ఊరు తింటన్న అన్నం ఆ సెట్టుదే కదాని తప్పక అడుగుతారు. ఏటంటావు?”

“సెట్టు తెచ్చేరు, సేతులకి తొడుగులు తేలేదంటాను.”

సింహాచలం నవ్వబోయి తల దించుకున్నాడు. ఆ పిల్ల తల్లి చేతులను చూస్తూ పెరిగింది.

“కాయితం దొరికిందేటి?” అని ఆమె రోజూ అడిగింది. అతను రోజూ లేదన్నాడు. సోమవారం రాత్రి భోజనాల దగ్గర “పోన్లే, కాయితం లేపోతే నువ్వున్నావు కదా,” అంది. అతను మజ్జిగన్నం సగంలో వదిలి చెయ్యి కడుక్కున్నాడు.

టెక్కలిలో హాలు నిండింది. న్యాయనిర్ణేత తారకేశ్వరరావు గారు చరిత్ర లెక్చరరుగా రిటైరయినాయన. ఇస్త్రీ మడత చెదరని ఖద్దరు చొక్కాతో ముందు వరసలో గంట పెట్టుకు కూర్చున్నారు. సింహాచలం మూడో వరసలో, నడవా పక్కన కూర్చున్నాడు.

మేలు వైపు మాట్లాడిన రాజేష్ టెక్కలి కుర్రాడే. చురుకైనవాడు. మశూచి టీకా నుంచి మొదలుపెట్టి, కలరా నీళ్ళ ద్వారా వస్తుందని కనుక్కున్నవాళ్ళ దాకా తడుముకోకుండా చెప్పాడు. చివర్లో ప్రవల్లిక వైపు తిరిగాడు. “మా ప్రత్యర్థి గారు ఆ కళ్ళజోడు పక్కన పెట్టి మాట్లాడితే వారి వాదన మనందరికీ ఇంకా స్పష్టంగా కనబడుతుంది.”

హాలు ఘొల్లుమంది. ప్రవల్లిక కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. “నేను తీసేశాను. రాజేష్ గారు ఆ జీన్సు ప్యాంటు ఎక్కడ విడుస్తారో కొంచెం చూసి చెప్పండి.”

ఈసారి ఈలలు పడ్డాయి. తారకేశ్వరరావు గారు గంట కొట్టి, తను కూడా నవ్వి, “విషయానికి రండమ్మా,” అన్నారు.

ఆమె విషయానికి వచ్చింది. ఉప్పు చెప్పింది, ఓడలు చెప్పింది, కరువు చెప్పింది. రాజేష్ అడ్డు తగిలాడు. “ఆ కరువులో ఎంతమంది పోయారో మీకెలా తెలుసు? వాళ్ళ రిపోర్టుల్లోంచే కదా? తమ తప్పును తామే రాసిపెట్టిన నాగరికత ఇంకొకటి చూపించండి.”

“రాసేరు,” అంది ప్రవల్లిక. కోపం వస్తే ఆ పిల్లకు పుస్తకాల తెలుగు జారిపోతుంది. “రాసేత్తే అయిపోతాదనుకున్నారు. సచ్చినోళ్ళు లేచొచ్చి ఆ రిపోర్టు సదువుతారేటి? అది పాత కత అంటారా, కొత్తది సెప్తాను. మా ఊరొచ్చేరు. మందిత్తామన్నారు. మా అమ్మ రక్తం సీసాల్లో పట్టుకుని ఇమానం ఎక్కేరు. ఆ మందు కోసం మా అమ్మ డయాలసిస్ మానేసి కూకుంది. ఏడు నెలలైంది మా అమ్మ పోయి. మందూ రాలేదు, ఉత్తరమూ రాలేదు.”

రాజేష్ మర్యాదగానే లేచాడు. “మీ అమ్మగారి విషయం తెలిసి బాధగా ఉంది. కానీ మందిస్తామని వాళ్ళు అన్నారనడానికి ఆధారం ఉందాండీ?”

“ఉన్నాది. అదిగో, మూడో వరసలో. ఆ రోజు ఆళ్ళ మాట మాకు సెప్పింది మా మావయ్య. హైస్కూల్లో సోషల్ మాస్టారు. అడగండి.”

తలలన్నీ తిరిగాయి. సింహాచలం లేచే ముందే ఎవరో మైకు తెచ్చి చేతిలో పెట్టారు. అవునంటే చాలు. ఒక్క మాట. ఆ పిల్ల గెలుస్తుంది. ఎక్కడో ఏ దేశంలోనో ఉన్న ఆ ఇద్దరికి ఈ హాలు సంగతి ఎప్పటికీ తెలియదు. వాళ్ళకు పోయేదేమీ లేదు. సాయంత్రం బస్సులో ప్రవల్లిక తన భుజం మీద తల పెట్టుకుని నిద్రపోతుంది.

అతను ఆమె మొహం చూశాడు. ఆ మొహంలో ఎదురుచూపు లేదు, అంతా ముందే తెలిసిన నిశ్చింత ఉంది. అక్క వేలు వేసే ముందు అతని వైపు చూసిన చూపు కూడా అలాంటిదే.

“వాళ్ళు మందిస్తామని అనలేదు,” అన్నాడు. “మీకు ప్రయోజనం ఉండదు, వైద్యం ఆపొద్దు అని తెలుగులోనే రాశారు. ఏడో వాక్యం. చదవాల్సింది నేను. చదివితే జనం లేచిపోతారని దాటేశాను. మందొస్తుందన్నది నా మాట. కాగితం పోలేదు. నా దగ్గరే ఉంది.”

మైకు తిరిగి ఇద్దామని చూస్తే తీసుకునే మనిషి కనబడలేదు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

రాజేష్ మళ్ళీ లేచాడు. కుర్రతనం, గెలుపు దగ్గర్లో ఉంది. “ఇదే నా వాదన అధ్యక్షా. వాళ్ళు రాశారు. చదవనిది మనం,” అన్నాడు. చప్పట్లు తక్కువే పడ్డాయి, కానీ పడ్డాయి.

సింహాచలానికి నోటి దాకా ఒక జవాబు వచ్చింది. చదవలేని మనిషి చేతికి కాగితమిచ్చి, నల్లమచ్చ పడగానే తమ బాధ్యత తీరిందనుకునే నిజాయితీ ఏం నిజాయితీ అని అడగాలి. జవాబు బలమైనదే. మంచి మార్కులు వేయదగ్గదే. కానీ అది తన నోట రాకూడదు. వస్తే దాని చాటున తను దాక్కున్నట్టవుతుంది. మింగేశాడు.

ముగింపుకి ప్రవల్లికకు ఒక నిమిషం ఉంది. మైకు ముందు నిలబడింది. బల్ల మీది కళ్ళజోడు పెట్టుకుని, రాసి తెచ్చుకున్న ముగింపు మడిచేసింది. ఎవరో వెనకనుంచి “పాపం, వదిలేయండి” అన్నారు.

“ఆ ముక్క అచ్చేసినోళ్ళకి తెలుసు, మా అమ్మ సదవలేదని,” అంది. “సదివినోళ్ళకి తెలుసు, మా అమ్మ నమ్ముతాదని. ఇంక నాకు సెప్పడానికేటీ లేదు.”

దిగి వచ్చి, మేనమామ పక్క కుర్చీ ఖాళీగా ఉన్నా, వెనక గోడ దగ్గరకు వెళ్ళి నిలబడింది.

మొదటి బహుమతి రాజేష్‌కి వచ్చింది. అయ్యాక తారకేశ్వరరావు గారు సింహాచలాన్ని వెతుక్కుంటూ వచ్చి రెండు చేతులూ పట్టుకున్నారు. “మాస్టారూ, నలుగురిలో తప్పు ఒప్పుకున్నారు చూడండి, ఇదండీ పాశ్చాత్యం మనకిచ్చిన అసలు సంపద. ఆత్మవిమర్శ! నా ముగింపు ఉపన్యాసంలో మీ పేరు చెప్పాను, విన్నారా?”

“వినలేదండి,” అన్నాడు సింహాచలం. చేతులు విడిపించుకున్నాడు. ఎదుటి మనిషి చావు మీద నిలబడి ఇంత తృప్తిగా మాట్లాడటం ఎక్కడ నేర్చుకున్నారండీ అని అడగాలనిపించింది. తనూ ఇరవై ఏళ్ళు అలాగే మాట్లాడాడు కదా అని ఊరుకున్నాడు.

బస్టాండులో ప్రవల్లిక అతనికి నాలుగు గజాల దూరంలో నిలబడింది. పలాస బస్సు ఒకటి నిండిపోయి వెళ్ళిపోయింది. రెండోది ఇంకా రాలేదు.

“అమ్మకి సెప్పేవేటి?” అని అడిగింది, అతని వైపు తిరక్కుండా.

“లేదు.”

“ఆకర్న అడిగిందా?”

అబద్ధం ఆడే శక్తి ఆ పూటకి అయిపోయింది. “అడిగింది. ఆసుపత్రిలో. ‘తమ్ముడా, ఆళ్ళ మందు వచ్చిందేటి’ అంది. రేపో మాపో వత్తాదప్పా అన్నాను.”

బస్టాండు మైకులో ఎవరిదో పర్సు దొరికిందని రెండుసార్లు చెప్పారు. ప్రవల్లిక చున్నీ కొసతో కళ్ళజోడు తుడిచింది. తుడిచిందే మళ్ళీ తుడిచింది.

“మొన్నటిదాకా తెల్లోళ్ళని తిట్టుకుంటే నిద్దరట్టేది,” అంది. “ఇప్పుడెవుల్ని తిట్టుకోమంటావు?”

“నన్నే.”

“నిన్ను తిట్టుకుని ఏ ఇంటికెల్లాల నేను?”

బస్సు వచ్చింది. ఆమె ముందు ఎక్కి ఆడవాళ్ళ సీట్లో కూర్చుంది. అతను వెనక కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. పలాసలో దిగి ఊరి ఆటో ఎక్కారు. ఆటో జీడితోటల మధ్య మలుపు తిరిగాక ఆమె హఠాత్తుగా అడిగింది.

“ఆ రోజు ఎంతమంది ఏలేసేరు?”

“అరవై దాకా.”

“ఆళ్ళలో మందు కోసం సూత్తన్నోళ్ళు ఎంతమందున్నారు?”

సింహాచలం ఉలిక్కిపడ్డాడు. ఏడు నెలలుగా అక్క తప్ప ఇంకొక మనిషి అతని తలలోకి రాలేదు. తన దుఃఖం కూడా ఎంత స్వార్థమో అప్పుడు తెలిసింది. పోయిన నెల రచ్చబండ దగ్గర ఎవరో అన్నమాట చెవిన పడి, విననట్టు దాటిపోయిన సంగతి గుర్తొచ్చింది.

“ఆ రోజు వేలేసిన నూకాలమ్మకి రక్తంలో క్రియాటినిన్ ఎనిమిది దాటిందన్నారు,” అన్నాడు. “మిషనుకి ఎల్లనంటందట.”

“కాయితం తియ్యి ఇంటికెల్లి. ఇప్పుడే ఎల్దాం.”

నూకాలమ్మ వాకిట్లో కొబ్బరి మట్టల్లోంచి ఈనెలు చీరుతోంది. పొద్దు ఇంకా ఉంది. పాదాలు ఉబ్బి, చెప్పుల పట్టీలు తెగేలా ఉన్నాయి. మాస్టారిని చూసి లేవబోయింది.

“లేవకు నూకాలమ్మా.”

“మందొచ్చిందేటి బాబూ? సేతిలో కాయితముంది.”

అతను వాకిట్లోనే నిలబడి చదివాడు. మొదటి వాక్యం నుంచి చదివాడు. ఏడో వాక్యం రెండుసార్లు చదివాడు. చదివాక దాన్ని ఊరి మాటలో చెప్పాడు: ఈ రక్తం ఇచ్చినందుకు నీకు మందేమీ రాదు, డాక్టరు చెప్పిన వైద్యం మానకు. ఆమె ఈనె చీరడం ఆపకుండానే విన్నది.

“అదేటి బాబూ? మందొత్తాదని మీరే కదా అన్నారు.”

“అన్నాను.”

“మరి కాయితం అలాగంటాదేటి? కాయితంలో తప్పు పడిందేమో. మల్లీ ఓపాలి సూడండి.”

“కాయితంలో తప్పు లేదు.”

నూకాలమ్మ చెయ్యి ఆగింది. ప్రవల్లిక గుమ్మం దగ్గర, ఇద్దరికీ దూరంగా నిలబడి చూస్తోంది.

“అయితే మీరు అబద్దమాడింది అప్పుడా, ఇప్పుడా?”

టెక్కలి హాలులో అతను చెప్పింది చాలా ఉంది. ఎందుకు దాటేశాడో, ఎవరు లేచిపోతారనుకున్నాడో, అన్నీ చెప్పాడు. వాటిలో ఒక్కటీ ఈ వాకిట్లో పనికి రాలేదు.

“అప్పుడు,” అన్నాడు.

నూకాలమ్మ అతన్ని పైనుంచి కిందకి ఒకసారి చూసింది. ఆ ఊళ్ళో అతన్ని అలా ఎవరూ ఎప్పుడూ చూడలేదు. కత్తి పక్కన పెట్టి, ఒళ్ళోని ఈనెలు దులుపుకుని, గుమ్మం వైపు తిరిగింది.

“పొద్దున్న పలాస ఆటో ఎన్నింటికే పిల్లా?” అని ప్రవల్లికను అడిగింది.